పాత నాణెపు బిళ్లలో ఇరీడియం ఉండదు

పూర్వం మన నాణేల బిళ్లలను, అంటే ముద్ర కొట్టడానికి సిద్ధం చేసిన లోహపు ముక్కలను, యంత్రాలతో గుండ్రంగా కోసేవారని, మూలలు తెగినవి దొంగలు కత్తిరించినవని, ఏ రాజూ పాత బిళ్లను తిరిగి వాడలేదని, పిడుగు పడిన నాణెపు బిళ్ల ఇరీడియం అనే అరుదైన లోహంగా మారి బియ్యపు గింజలను లాక్కుంటుందని, అందుకే అది కోట్లు పలుకుతుందని చెప్పే సందేశాన్ని ఈ నెలలో మిత్రులు నాకు ఆరుసార్లు పంపారు. ఇకపై ఎవరు పంపినా నా సమాధానం ఇదే.

యంత్రం మాట అబద్ధం. మన తొలినాటి నాణేలైన విద్ధాంక నాణేల (చిన్న ముద్రలను విడివిడిగా కొట్టి చేసినవి) కోసం వెండిని కరిగించి, సుత్తితో రేకుగా సాగగొట్టి, ఆ రేకును పట్టీలుగా, పట్టీలను ముక్కలుగా కోసి, ఆ తరువాత ఒక్కొక్క ముద్రనూ విడిగా కొట్టేవారు. అందుకే వాటిలో చాలా భాగం నలుచదరంగానో వంకరటింకరగానో కనిపిస్తాయి. మూలలు తెగడానికి కారణం కూడా ఈ పనిలోనే ఉంది: తూకానికి మించిన ముక్కకు మూల కత్తిరించి బరువు సరిచేసేవారు. దొంగలు కోసుకున్నవే అయితే మూల తెగిన నాణేలన్నీ తక్కువ తూగాలి కదా, అలా తూగవు.

పాత బిళ్లను ఏ రాజూ వాడలేదన్న మాటకు 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన నిధి ఒక్కటే చాలు. అందులోని 13,000కు పైగా క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలలో 9,000కు పైగా నాణేల మీద, అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. ఓడిన రాజు నాణెమే గెలిచిన రాజుకు బిళ్ల అయింది.

ఇక ఇరీడియం. ఈ ఒక్క వాక్యం వల్లే నాకు నిజంగా కోపం వస్తోంది, ఎందుకంటే దీన్ని నమ్మి పొలాలు తాకట్టు పెట్టినవారున్నారు. వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1,085 దగ్గర, శాతవాహనులు విరివిగా వాడిన సీసం 327 దగ్గర కరుగుతాయి. బొగ్గుల కొలిమికి, మట్టి మూసకు ఇవన్నీ లొంగుతాయి. ఇరీడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి. అది వేరే లోహమని 1803 వరకు లోకానికే తెలియదు. పిడుగు వేడికి నాణెం కరగవచ్చునేమో కానీ, రాగి మాత్రం ఇరీడియం కాదు. పైగా ఇరీడియం బియ్యాన్ని కాదు కదా, ఇనుప రజనునైనా లాగదు. గింజలు కదిలాయంటే వాటికి ఇనుము చేర్చి, ఎక్కడో అయస్కాంతం దాచారన్నమాట. రైస్ పుల్లింగ్ ముఠాలు ఆడించే ఆట ఇదే: ముందు గింజలు కదిలించి చూపిస్తారు, తరువాత శాస్త్రవేత్త చేత పరీక్ష చేయించాలంటూ లక్షలు గుంజుతారు. ఇంత చెప్పాక కూడా ‘ఎందుకైనా మంచిదని పంపాను’ అనే మిత్రుడు, ఆ డబ్బు పోగొట్టుకున్న రైతు ఇంటికి వెళ్లి అదే మాట చెప్పగలడా? ఇంకో నష్టం కూడా ఉంది. లోపల ఏముందో చూద్దామని అసలైన పాత నాణేలను ఆకురాయితో రాస్తున్నారు, నిప్పుల్లో కాలుస్తున్నారు. అరిగిన ముద్రను ఎవరూ తిరిగి తేలేరు.

అయితే సందేశం చివరనున్న ‘మనవాళ్ల తూకం చూసి తీరాలి’ అన్న వాక్యాన్ని కూడా కొట్టిపారేద్దామనుకుని, ఆగిపోయాను. కార్షాపణమనే వెండి విద్ధాంక నాణేనికి ప్రమాణం 32 గురివింద గింజల బరువు, అంటే సుమారు 3.4 గ్రాములు. ఒకదానికొకటి పోలిక లేని ఆకారాలలో, త్రాసు, కత్తెర తప్ప మరో సాధనం లేకుండా కోసిన ఆ ముక్కలు ఆ ప్రమాణానికి ఎంత దగ్గరగా తూగుతాయో చూస్తే, ఆ ఒక్క వాక్యం నిజమేనని ఒప్పుకోక తప్పదు.