పగిలిన గట్టిమేళం

పెళ్లయింది, వీడియో వచ్చింది, గట్టిమేళం దగ్గర సౌండు పగిలిపోయింది. ప్రతి ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాడొకడు ఉంటాడు కదా, అందరూ వాడివైపు చూశారు. ఖర్మకాలి వాణ్ని నేనే.

వీడియో ఆయన మైకు లెవెల్ చూసుకున్నది పంతులుగారు సంకల్పం గొణుగుతున్నప్పుడు. ఆ గొణుగుడు మీటర్లో నిండుగా కనపడాలని గెయిన్, అంటే మైకు సౌండును ఎంత పెంచి తీసుకోవాలో ఆ మోతాదు, పెంచేశాడు. కాసేపటికి పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. నాలుగడుగుల దూరంలో డోలు, సన్నాయి ఒక్కసారి లేచాయి. 16 బిట్ల రికార్డింగులో 32,767 దాటాక అంకె లేదు. అంతకు మించి లేచిన ప్రతి సౌండు అల ఒకే ఎత్తులో తెగి, కత్తిపీట మీద తల కోసిన సొరకాయలా చదునుగా మిగిలింది. డోలు ఆయన్ని ముందే రెండు దెబ్బలు వేయమని, అది మీటర్లో చిట్టచివరి 0 కంటే కింద, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టుకుంటే పోయేది.

వీడియో ఆయనకి ఫోన్ చేస్తే, "వాల్యూమ్ సగానికి తగ్గించి మళ్లీ పంపాను సార్, ఎర్రగీతలు పోయాయి చూస్కోండి" అన్నాడు. నిజమే, పోయాయి. సౌండు ఎడిట్ చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎర్రగీతలు అల 0 డెసిబెల్స్ తాకితేనే పడతాయి. తల తెగినవాణ్ని కూర్చోబెడితే ఎత్తు తగ్గుతుంది గానీ తల మొలుస్తుందా? పైగా పంపింది మెసేజిలో, వీడియోగా. ఫైలుగా పంపినా బాగుండేది. వీడియోగా పంపితే యాప్ దాన్ని కుదిస్తుంది, కుదిస్తే చదునైన అంచులు కూడా వంకరపోతాయి. అసలు రికార్డింగు ఇమ్మంటే, కార్డు ఇంకో పెళ్లికి ఖాళీ చేశాడట.

ఇలా అల తల తెగడాన్ని క్లిప్పింగ్ అంటారు. దాన్ని బాగుచెయ్యడానికి ఆడాసిటీ ఎఫెక్ట్ మెనూలో క్లిప్ ఫిక్స్ అని ఒకటుంది. తెగిన చోటికి అటూ ఇటూ ఉన్న మంచి అలను చూసి, మధ్యలో వంపు ఎలా ఉండేదో ఊహించి గీస్తుంది. మొదట రెండు గంటల ఫైలు మొత్తం ఎంచుకుని నొక్కాను. భోజనాలయ్యాయి, నిద్రలయ్యాయి, గీత నత్తలా పాకుతూనే ఉంది. ఆపేసి గట్టిమేళం ఉన్న 40 సెకన్లే ఎంచుకున్నాను. ఎంత ఎత్తు నుంచి తెగినట్టు లెక్కపెట్టాలో చెప్పే థ్రెషోల్డ్ మామూలుగా 95 శాతం ఉంటుంది. అది ఎంచుకున్న ముక్కలోని అతి ఎత్తైన శిఖరంతో పోల్చి లెక్క. కుదింపులో అక్కడక్కడా కొత్త ముళ్లు లేచాయి కాబట్టి 95కి ఏమీ దొరకలేదు. బాగా దగ్గరకు తెచ్చి చూస్తే చదును ఎక్కడుందో కనిపించింది. 82 పెట్టాను. సన్నాయి బొంగురు వదిలింది. డోలు దెబ్బ మొదట్లో మాత్రం కాస్త గరగర మిగిలింది. అంత వెడల్పుగా తెగినచోట ఊహించడానికి దానికి మాత్రం ఏముంది పాపం.

టీవీకి తగిలించాను. సోఫాలో పెదనాన్న, రిమోటు ఆయన చేతిలో. వెనక పెద్దమ్మ, ముగ్గురు అత్తయ్యలు, నేల మీద పిల్లలు, గుమ్మంలో పాలు పోసేందుకు వచ్చి ఉండిపోయినాయన. తెర మీద పంతులుగారు చెయ్యెత్తారు. అక్షింతలు లేచాయి. డోలు ఆయన భుజాలు ఊగాయి, సన్నాయి ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. సౌండు మాత్రం పక్క వీధి పెళ్లిలా వచ్చింది. పెదనాన్న రిమోటును అరచేతికేసి కొట్టారు. బ్యాటరీలు తీసి అటూ ఇటూ మార్చారు. వాల్యూమ్ 100కి చేరింది. ఫ్యాను ఆపించారు. ఒక అత్తయ్య వినికిడి మిషను సర్దుకుంది.

తప్పు నాదే. కొత్తగా మొలిచే శిఖరాలకు చోటు కోసం క్లిప్ ఫిక్స్ సౌండును 9 డెసిబెల్స్ దించుతుంది, అంటే దాదాపు మూడో వంతుకి. వీడియో ఆయన తగ్గించిన సగం దానికి తోడు. చివర్లో నార్మలైజ్ చేసి, అంటే సౌండును మళ్లీ పైకి లేపి, శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్‌కి తేవాలి. నేను తేలేదు.

"ఏంట్రా, బాగుచేశావా, గొంతు నొక్కావా?"

ఆ కంగారులో ల్యాప్‌టాప్ లాక్కుని సౌండు పెంచే యాంప్లిఫై తెరిచి 15 డెసిబెల్స్ అని కొట్టాను. ఓకే నొక్కనివ్వలేదు. కింద "క్లిప్పింగ్ అనుమతించు" అని గడి ఉంటే టిక్కు పెట్టి నొక్కేశాను. మొలిపించిన తలలన్నీ మళ్లీ తెగాయి.

గరగరమని ఇల్లు దద్దరిల్లింది. పెదనాన్న సోఫాలో వెనక్కి వాలారు.

"ఆఁ, ఇప్పుడు పెళ్లిలా ఉంది. ఇందాకే ఇది పెట్టొచ్చుగా?"