మానేయమనే డాక్టరుగారి జేబులో సిగరెట్ పెట్టె

"సిగరెట్ మానకపోతే నేనేం చేయలేనండీ" అంటారు డాక్టరుగారు. ఆ మాట కన్నా ముందే పొగ కంపు, దాన్ని కప్పిపుచ్చడానికి చప్పరిస్తున్న పిప్పరమెంటు వాసన కలిసి మన ముక్కుకి తగులుతాయి. మందులచీటీ రాస్తున్న వేళ్ల కొసలు పసుపురంగు తేలి ఉంటాయి. ఇంకేం వినబుద్ధవుతుంది?

విచిత్రమేమిటంటే, పొగాకు మీద దొరికిన గట్టి రుజువుల్లో ఒకటి డాక్టర్ల మీద చేసిన పరిశీలనే. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 40,000 మంది డాక్టర్ల పొగ అలవాట్లు రాసుకుని, ఎవరు దేనితో పోతున్నారో ఏళ్ల తరబడి చూశారు. సిగరెట్ వదలనివాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారని 2004 నాటికి లెక్క తేలింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే ఉంది వ్యవహారం.

ఆయనకీ అది వ్యసనమే, కాదనను. నైట్ డ్యూటీలు, టెన్షన్. పొగాకులో ఉండి అలవాటు పట్టించే నికోటిన్‌కి డిగ్రీలతో పనిలేదు. నా మంట ఆయన తాగుతున్నందుకు కాదు, "మనసు గట్టిగా ఉంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నందుకు. ఆ గట్టి మనసేదో ఆయన దగ్గరా లేదుగా! సిగరెట్ మీద యావ తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ ఉందని, ఒంటికి అతికించుకునే ప్యాచ్ ఉందని, మానేసిన మొదటి రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం మామూలేనని చెప్పరు. "నేనూ మానలేక చస్తున్నానండీ" అన్నా కాస్త నమ్మకం కుదిరేది. అదీ లేదు. పైగా, మానకుండా వస్తే ఇకమీదట చూడనని బెదిరింపొకటి!