సీలు విప్పని బొమ్మ

1990ల చివరలో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డ బొమ్మల మోజు తారస్థాయికి చేరినప్పుడు, వాటితో పాటు మరో వస్తువు కూడా విరివిగా అమ్ముడుపోయింది. బొమ్మకు వేలాడే హృదయాకారపు కాగితపు చీటీ నలగకుండా కాపాడే ప్లాస్టిక్ తొడుగు అది. చీటీ మడత పడినా, ఊడిపోయినా బొమ్మ విలువ సగానికి సగం పడిపోతుందని పెద్దలు నమ్మారు. అందుకే పక్కన పెట్టుకుని పడుకోవడానికి తయారైన ఆ మెత్తటి బొమ్మను ఎన్నో ఇళ్లలో పిల్లలను ముట్టుకోనివ్వకుండా పెట్టెల్లో దాచారు. చిన్ననాటి ఆటవస్తువుల గురించి ఎక్కడ చర్చ వచ్చినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ ప్లాస్టిక్ తొడుగే.

ఎందుకంటే ఒకప్పుడు ప్రపంచాన్ని ఊపేసిన ఆటవస్తువుల గురించి బెంగగా మాట్లాడుకునేటప్పుడు మనం రెండు వేర్వేరు మోజులను ఒకే గాటన కట్టేస్తున్నాం. ఒకటి ఒక పిల్లవాడి చేతిలో చూసి మరో పిల్లవాడు నేర్చుకునే కొద్దీ పాకే మోజు. రెండోది ఇవాళ కొనకపోతే రేపు దొరకదేమోనన్న భయంతో దుకాణాల ముందు పుట్టే మోజు. అమ్మకాల లెక్కల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, పత్రికల్లో ఒకే రకమైన శీర్షికలతో వస్తాయి. కానీ మన జ్ఞాపకాల్లో సజీవంగా ఉన్నది మొదటిదే. ఈనాడు 'మీ బాల్యం మీకు తిరిగిస్తాం' అంటూ మార్కెట్ అమ్ముతున్నదాంట్లో ఎక్కువ భాగం రెండోది.

మొదటి రకానికి యో-యోను మించిన ఉదాహరణ లేదు. రెండు బిళ్లలు, వాటి నడుమ ఇరుసు, ఇరుసుకు దారం, అంతే. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు పాత్ర మీద ఇలాంటిదానితోనే ఆడుకుంటున్న బాలుడి చిత్రం ఉంది. అంత పాత వస్తువు 20వ శతాబ్దంలో హఠాత్తుగా ఎందుకు చెలరేగిందో తెలియాలంటే దారం కట్టిన తీరు చూడాలి. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్లిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో తయారుచేయడం మొదలుపెట్టిన యో-యోలో దారాన్ని ఇరుసుకు ముడివేయలేదు, ఉచ్చులా చుట్టి వదిలేశారు. ముడి వేసిన బిళ్ల కిందికి దిగి వెంటనే పైకి రావడం తప్ప మరేమీ చేయలేదు. ఉచ్చులో ఉన్న బిళ్ల దారం చివర నిలిచి బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది, మణికట్టుతో చిన్నగా లాగినప్పుడే పైకి ఎక్కుతుంది. విన్యాసాలన్నీ ఆ కొన్ని క్షణాల నిలకడలోంచే పుట్టాయి. ఫ్లోరెస్ వ్యాపారాన్ని కొన్న డొనాల్డ్ డంకన్ ఈ రహస్యాన్ని బాగానే గ్రహించారు. ఆయన కంపెనీ ఆరితేరిన ఆటగాళ్లను ఊరూరా పంపింది. వాళ్లు వీధుల్లో, దుకాణాల ముందు ఆడి చూపించారు, పోటీలు పెట్టారు. ఆ ఆటగాళ్లు వెళ్లిపోయాక మిగిలిన పని పిల్లలే చేశారు.

1965లో అమెరికాలో ఒక అప్పీలు న్యాయస్థానం 'యో-యో' అనే మాట మీద డంకన్ కంపెనీకి ప్రత్యేక హక్కు లేదని తేల్చింది. అదే ఏడాది కంపెనీ దివాలా తీసింది. ఆట మాత్రం ఆగలేదు. అందరి నోటా నానిన మాట ఒకరి సొత్తు కాలేదన్న ఆ తీర్పులో నాకు ఆ ఆటవస్తువు స్వభావమే కనిపిస్తుంది.

రూబిక్స్ క్యూబ్ కథ ఇంకా లోతైనది. బుడాపెస్ట్‌లో వాస్తుశిల్పం చదువుకుని డిజైన్ బోధించే ఎర్నో రూబిక్ 1974లో దాన్ని తయారుచేశారు. రంగులు కలగాపులగం చేసిన తర్వాత తిరిగి సరిచేయడానికి ఆయనకే సుమారు నెల రోజులు పట్టింది. సాధ్యమైన అమరికల సంఖ్య 43 తర్వాత మరో 18 అంకెలు వేస్తే వచ్చేంత పెద్దది. అయినా ఏ అమరికనైనా 20 కదలికలకు మించకుండా సరిచేయవచ్చని 2010లో కంప్యూటర్ల సాయంతో నిరూపించారు. 1980లో అంతర్జాతీయ మార్కెట్లోకి వచ్చిన క్యూబ్ రెండు మూడేళ్లు ప్రపంచాన్ని ఊపేసింది. 1982లో బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ పోటీలో విజేత మిన్ థాయ్ దాన్ని 22.95 సెకన్లలో పూర్తిచేశారు. ఆ వెంటనే మోజు దిగిపోయింది, దుకాణాల్లో సరుకు పేరుకుపోయింది.

క్యూబ్ మొదటి వెర్రి రోజుల్లో దాన్ని పరిష్కరించే పద్ధతిని వివరిస్తూ వచ్చిన పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోయాయి. వాటిలో ఒకటి బ్రిటన్‌కు చెందిన ఒక బడి పిల్లవాడు రాసినది. తోటి పిల్లలకు తాను చేత్తో చూపించిన విద్యనే అతను కాగితం మీద పెట్టాడు. ఈ పంచుకోవడమే క్యూబ్‌ను రెండోసారి బతికించింది. ఇంటర్నెట్ వచ్చాక వేగంగా తిప్పడంలోని మెళకువలను ఒకరికొకరు చూపించుకునే సమూహాలు తయారయ్యాయి, 2004లో ప్రపంచ క్యూబ్ సంఘం ఏర్పడింది. ఈనాటి మేటి ఆటగాళ్లు 4 సెకన్ల లోపే క్యూబ్‌ను పూర్తిచేస్తున్నారు. ఈ పునర్జన్మకు పాతదాని మీది బెంగ ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. ఆ పోటీలకు వస్తున్నవాళ్లలో అత్యధికులు 1982 నాటికి పుట్టనే లేదు. వాళ్లు ఎవరి బాల్యాన్నీ తలుచుకోవడం లేదు, తమ బాల్యాన్నే గడుపుతున్నారు.

ఇప్పుడు మళ్లీ బీనీ బేబీస్ దగ్గరికి వద్దాం. తయారీదారు టై వార్నర్ 1993లో తొమ్మిది బొమ్మలతో మొదలుపెట్టారు. పెద్ద దుకాణ గొలుసులకు కాకుండా చిన్న కానుకల దుకాణాలకే సరుకు ఇచ్చారు. కొన్నాళ్లకు ఒక్కో బొమ్మ తయారీని నిలిపివేస్తూ 'విరమణ' ప్రకటించడం మొదలైంది. ఆ ప్రకటన వెలువడిన ప్రతిసారీ వేట ముదిరింది. అప్పుడే కొత్తగా వచ్చిన ఈబే వంటి వేలం వేదికలు ఆ వేటకు అంకెలు జోడించాయి. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట న్యాయస్థానంలో నేల మీద కూర్చుని బీనీ బేబీస్‌ను పంచుకుంటున్న ఛాయాచిత్రం ఆ కాలానికి గుర్తుగా మిగిలిపోయింది. అదే ఏడాది చివరితో అన్ని బొమ్మలనూ ఆపేస్తామని కంపెనీ ప్రకటించి, చివరకు వెనక్కి తగ్గింది. అప్పటికే నమ్మకం సడలింది. పిల్లల చదువుకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు దాచినవాళ్లకు మిగిలింది గుడ్డ, ప్లాస్టిక్ గుళికలు. అయితే ఆ డబ్బు నష్టం కన్నా, ఒక తరం పిల్లల దగ్గర బొమ్మలు ఉండి కూడా ఆట లేకపోవడమే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది.

పోకెమాన్ కార్డుల్లో ఈ రెండు మోజులూ ఒకే వస్తువులో కలిసిపోయాయి. 1996లో జపాన్‌లో వచ్చిన ఈ కార్డులకు చక్కటి ఆట నియమాలున్నాయి, మార్చుకోవడంలో బేరమాడే నేర్పు ఉంది. ఒకరి దగ్గర రెండున్న కార్డు మరొకరికి లేకపోవడం స్నేహానికి దారితీసేది, కొన్నిసార్లు తగువుకూ. కానీ ఇప్పుడు అవే కార్డులను గట్టి ప్లాస్టిక్ పలకల్లో బిగించి, అంచుల నాణ్యతకు మార్కులు వేయించి భద్రపరుస్తున్నారు. ఇక ఆ కార్డుతో ఎవరూ ఆడలేరు.

అన్ని ఆటవస్తువులూ నా విభజనకు లొంగవు. 1996లోనే జపాన్‌లో బాందాయ్ కంపెనీ విడుదల చేసిన తమగోచిలో చేతి నేర్పు లేదు, అది కేవలం అరుదైన వస్తువు కావడం వల్ల ప్రియమైనదీ కాదు. గుడ్డు ఆకారంలో, మూడు మీటలతో, చిన్న తెర మీద చుక్కలతో గీసిన ఒక ప్రాణి. దానికి ఆకలేస్తుంది, జబ్బు చేస్తుంది, పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. బడిలో ఉన్నప్పుడు కూడా అది పిలుస్తూనే ఉండేది. చాలా బడులు నిషేధించడంతో పిల్లలు వాటిని అమ్మానాన్నల చేతుల్లో పెట్టి వెళ్లేవారు, ఆ పెద్దలు పని మధ్యలో మీటలు నొక్కేవారు. పిల్లలకు అనవసరంగా దుఃఖం నేర్పుతోందని అప్పట్లో విమర్శించినవారున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఇంకొకరి అవసరం మన తీరికను బట్టి రాదన్న సంగతి ఒక పిల్లకు అంత సూటిగా చెప్పిన ఆటవస్తువు మరొకటి లేదు. ఆనాటి పిల్లలు ఇవాళ తమగోచి పేరెత్తగానే మొదట చెప్పేది అది ఎలా చచ్చిపోయిందో. దాన్ని కూడా వాళ్లు సీలు విప్పే ఆడారు.

ఈ తేడా ఇప్పుడు మరింత ముఖ్యం. అమెరికాలో 2024 తొలి మూడు నెలల్లో బొమ్మల పరిశ్రమకు అతి ముఖ్యమైన వయసు వర్గంగా ఇంకా బడి ఈడు రాని చిన్నపిల్లలను 18 ఏళ్లు దాటినవారు అధిగమించారని మార్కెట్ పరిశోధన సంస్థ సర్కానా లెక్క తేల్చింది. పెద్దలు బొమ్మలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఒకప్పుడు అడిగి కొనిపించుకోలేకపోయిన వస్తువును సొంత సంపాదనతో తెచ్చుకోవడంలో ఉన్న తృప్తిని నేను చిన్నచూపు చూడను. పాత వస్తువులను చెక్కుచెదరకుండా దాచినవాళ్ల వల్లే చరిత్రకు ఆధారాలు మిగులుతాయన్నదీ నిజం. నా అభ్యంతరమల్లా ఆ పెద్దల అలవాటు పిల్లల ఆటకు నమూనా కావడం మీద. లోపల ఏముందో తెలియని మూసిన పెట్టెల్లో అమ్మే లబుబు బొమ్మలు అందుకు తాజా ఉదాహరణ. 72 పెట్టెల్లో ఒకదానిలో మాత్రమే దొరికే రహస్య బొమ్మ కోసం క్యూ కడుతున్నవారి ఉద్వేగమంతా పెట్టె తెరిచే క్షణంతోనే అయిపోతుంది. యో-యో విషయంలో అసలు సంగతి మొదలయ్యేది ఆ క్షణం తర్వాతే.

అమెరికాలోని రోచెస్టర్‌లో ఆటల మ్యూజియం ఒకటి ఉంది. గొప్ప ఆటవస్తువులకు అక్కడ గౌరవ పీఠం ఇస్తారు. 2005లో ఆ గౌరవం ఖాళీ అట్టపెట్టెకు, 2008లో కర్రపుల్లకు దక్కింది. క్యూబ్, యో-యో కూడా ఆ వరుసలో ఉన్నాయి. వీటి మధ్య పోలిక ఏమిటని ఆలోచిస్తే, ప్రతిదానిలోనూ పిల్లలు తమంతట తాము పూరించవలసిన ఖాళీ ఒకటి కనిపిస్తుంది.

మోజు రోజుల్లో కొన్న క్యూబ్ ఇప్పటికీ ఏ ఇంటి అటక మీదైనా ఉంటే, దాని రంగు కాగితాల అంచులు లేచిపోయి ఉంటాయి. చేతగాక ఎవరో ఒకసారి వాటిని పీకి, రంగులు సరిపోయేలా మళ్లీ అంటించి ఉంటారు. ఒక మూల ముక్క విప్పి తిరగేసి పెట్టడం వల్ల అది ఎన్నటికీ పరిష్కారం కాని స్థితిలోనూ ఉండవచ్చు. వేలంలో అలాంటి క్యూబ్‌ను ఎవరూ అడగరు. దాన్ని దాచిన మనిషి మాత్రం ఆ కాగితాలు పీకింది ఎవరో, అప్పుడు ఎవరు పట్టేశారో ఇప్పటికీ చెప్పగలరు.