గట్టి స్ప్రింగులు వేయిస్తే కారు హైవే మీద కుదురుగా పోతుందా?

"100 దాటగానే కారు తేలిపోతున్నట్టుందా? గట్టి స్ప్రింగులు వేయించి ఎత్తు తగ్గించండి. వీల్ అలైన్‌మెంట్ టైర్లు అరగకుండా ఉండటానికే, స్టెబిలిటీకి దానితో పనిలేదు." కార్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. దీన్ని నమ్మితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లే కారు మునుపటికన్నా ప్రమాదకరంగా తయారవుతుంది.

ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను కొలిచి సరిచేయడం) సంగతి చూద్దాం, పెద్ద తప్పు అక్కడే ఉంది. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికి ఉంటే టో-అవుట్. ముందు చక్రాలకు టో-అవుట్ ఎక్కువైతే చిన్న గతుకు తగిలినా, పక్కనుంచి లారీ గాలి కొట్టినా కారు ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగ్ సరిదిద్దుతూనే ఉండాలి. వెనక చక్రాలకు ఉంటే ఇంకా ప్రమాదం, వేగంగా లేన్ మారితే వెనక భాగం పక్కకు జారబోతుంది. చక్రం కేవలం 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా కిలోమీటరుకు దాదాపు 1.75 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోయినట్టు లెక్క. టైరు అరిగేదీ అందుకే, కారు నిలకడ తప్పేదీ అందుకే. ఇక స్టీరింగ్ వదిలితే దానంతటదే నిటారుకు రావడం చాలావరకు క్యాస్టర్ కోణం వల్ల, అంటే ముందు చక్రం ఏ అక్షం మీద తిరుగుతుందో అది పక్కనుంచి చూస్తే వెనక్కి వాలి ఉండే కోణం వల్ల. దాన్ని చూసేదీ అలైన్‌మెంట్‌లోనే.

గట్టి స్ప్రింగుల మాటకొస్తే, కారు మలుపులో తక్కువ ఒరుగుతుంది, నిజమే. కానీ తిన్నని రోడ్డు మీద నిలకడ టైరు రోడ్డును వదలకుండా ఉండటం మీద ఆధారపడుతుంది. ఆ పని షాక్ అబ్జార్బర్లది. అవి కంపెనీ స్ప్రింగుకు తగ్గట్టు తయారైనవి. స్ప్రింగు ఒక్కటే మారిస్తే అది ఎగిరిపడటాన్ని అవి అణచలేవు, వంతెన జాయింట్ల మీద టైరు ఎగురుతుంది. మార్చాలనుకుంటే రెండూ ఒకదానికొకటి కుదిరిన సెట్‌గా మార్చాలి. పాత కారైతే, నా మాట వినండి, అరిగిన షాకుల స్థానంలో కంపెనీవే కొత్తవి వేయించి చూడండి. చాలామందికి కావలసింది అదే.

ఎత్తు తగ్గిస్తే కారు బరువు కేంద్రం కిందికి దిగుతుంది, ఆ మేరకు లాభమే. అయితే మన దగ్గర తిరిగే మామూలు కార్లలో ఎక్కువ వాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండే సస్పెన్షన్) ఉంటుంది. మరీ కిందికి దించితే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కోణం మారిపోయి, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది బరువు కేంద్రంకన్నా ఎక్కువ కిందికి జారుతుంది. దాంతో ఒరగకుండా ఉండాలన్న ఉద్దేశమే సగం దెబ్బతింటుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారి, గతుకుల్లో చక్రం తనంతట తానే అటూ ఇటూ తిరుగుతుంది. టో కూడా మారిపోతుంది! అంటే ఆ సలహా చేయమన్న పనే అలైన్‌మెంట్‌ను చెడగొడుతుంది, మళ్లీ అలైన్‌మెంట్‌తో పనిలేదంటుంది.

80, 100 మధ్య వేగంలో స్టీరింగ్ వణుకుతుంటే మాత్రం అది ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చూడటం) సమస్య.

కారు తేలుతున్నట్టుంటే ముందు చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి చూడండి. తర్వాత సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్లయిన బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు మెకానిక్‌కు చూపించండి. అవి వదులుగా ఉంటే ఎంత బాగా చేసిన అలైన్‌మెంటైనా నిలవదు. ఆపైన నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించి, ముందూ తర్వాతా కొలతలున్న ప్రింటౌట్ అడిగి తీసుకోండి. చాలా చిన్న కార్లలో వెనక కోణాలు సర్దడానికి వీలుండదు. అయినా కొలిపించాలి, ఎందుకంటే వెనక చక్రాలను కలిపే బీమ్ వంగి ఉంటే తెలిసేది అక్కడే.