అమెరికా నుంచి వస్తున్న అబ్బాయి

అద్దె ఇళ్ల దగ్గర కులం, మతం చూసే గొడవల్లో కేసులు నడిపే ఉచిత న్యాయ సహాయ వకీళ్లు ముందుగా నమస్కారం పెట్టుకోవలసింది ఇంటి ఓనరుగారి అబ్బాయికి. ఆయన అమెరికాలో ఉంటాడు. ఎప్పుడూ వస్తూనే ఉంటాడు.

పొద్దున పదకొండింటికి ఓనరుగారు పోర్షన్ చూపిస్తారు. బోరు నీళ్లు ఎన్నింటికి వదులుతారో, స్కూటరు ఎక్కడ పెట్టుకోవాలో, మెట్ల మీద చెప్పులు ఎందుకు విడవకూడదో చెబుతారు. అడ్వాన్సు మాట్లాడుకుని, టోకెన్‌గా ఐదు వేలు ఫోన్‌పేలో వేయించుకుంటారు. రెండింటికి అగ్రిమెంటు కోసం ఆధార్ కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపమంటారు. ఆరింటికి ఫోను. "ఏమనుకోకండీ, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు. ఆ పోర్షన్ వాడికే కావాలట." ఐదు వేలూ రూపాయి తగ్గకుండా వెనక్కి వచ్చేస్తాయి. ఆ విషయంలో మన ఓనర్లు మహా నిజాయితీపరులు. కార్డు అందిన నాలుగు గంటల్లో ఎక్కడో ఒక కుర్రాడికి మాతృభూమి గుర్తొచ్చింది, అంతే.

ఈ రాకకు ఒక పద్ధతుంది. అబ్బాయి అందరికీ రాడు. ఇంటిపేరు నచ్చినవాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తే ఆయన డల్లాస్‌లో లాన్ కోసుకుంటూ హాయిగా ఉంటాడు. ఖాదర్ అనో ఏసుపాదం అనో వినబడితే మాత్రం సూట్‌కేసు సర్దేస్తాడు. హెచ్‌వన్‌బీ స్టాంపింగుకు డేట్లు దొరక్క నిజం అబ్బాయిలు అల్లాడుతుంటారు గానీ ఈయనకు ఆ బెడద లేదు. గంటల్లో బయలుదేరతాడు. దిగడమే ఉండదు. వారం తర్వాత అదే గేటుకు అదే టులెట్ బోర్డు వేలాడుతుంటుంది, ఆ పై వారం ఇంకెవరో వచ్చి పాలు పొంగించుకుంటారు. అబ్బాయిగారేరండీ అంటే ప్రోగ్రాం మారిందంటారు. ఇద్దరూ ఆడపిల్లలే ఉన్న ఇంటికి కూడా అబ్బాయి వస్తాడు. పెళ్లికాని ఓనరుకు కూడా వస్తాడు. ఇలా బయలుదేరిన వాళ్లందరూ ఒకేరోజు నిజంగా దిగితే శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ క్యూ షాద్‌నగర్ దాటిపోతుంది.

వకీలు పని ఈ అబ్బాయిని పట్టుకోవడం. సాక్షి నంబరు నాలుగు: అబ్బాయి. చిరునామా: ఆకాశం. సమన్లు ఏ సీటు నంబరుకు అంటించాలో కోర్టు అమీనుకు తెలియదు. పాస్‌పోర్టు చూపించండి అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే, "పిల్లాడు మనసు మార్చుకోవడం కూడా నేరమేనా మైలార్డ్" అని అవతలి సీనియర్‌గారు లేస్తారు. నేరం కాదు మరి. అద్దెకివ్వనని చెప్పడానికి చట్టప్రకారం ఓనరు కారణం చెప్పనక్కర్లేదు. కారణం చెప్పినవాడే దొరుకుతాడు. అంటే ఈ దేశంలో ఇంటి వివక్ష కేసులో ఇరుక్కోవాలంటే మనిషికి కాస్త అమాయకత్వం ఉండాలి.

చట్టాల విషయం చూద్దాం. రాజ్యాంగంలో 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, ప్రజల సొమ్ముతో నడిచే బావుల దగ్గర, చెరువుల దగ్గర, స్నానఘట్టాల్లో, రోడ్ల మీద కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. టులెట్ బోర్డు ముందున్న రోడ్డు మీద ఎంతసేపైనా నిలబడి బోర్డు చదువుకోవచ్చు. అంతవరకు పూచీ రాజ్యాంగానిది.

1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోనివ్వకపోయినా, కొనుక్కోనివ్వకపోయినా, కాపురం ఉండనివ్వకపోయినా నేరమని నాలుగో సెక్షన్ చెబుతుంది. బాధితులు షెడ్యూల్డ్ కులాలవాళ్లైతే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందే భావించాలని, కాదని రుజువు చేసుకోవలసింది అవతలివాడేనని పన్నెండో సెక్షన్. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. శిక్ష కూడా చదవండి: నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల దాకా జరిమానా. 1976 సవరణలో పెట్టిన అంకెలు ఇవి. టోకెన్ ఐదు వేలు, జరిమానా గరిష్ఠంగా ఐదు వందలు. ఓనరు వైపు నుంచి చూస్తే గిట్టుబాటు వ్యవహారమే.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో అసలైన ఆయుధం ఉంది. అది కులం పేరుతో తిట్టడం గురించిన సెక్షన్‌లో లేదు. అందరూ ఆ తిట్ల సెక్షన్‌నే పట్టుకుని వేలాడతారు, కేసు అక్కడే పోతుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇంటి గేటు దగ్గర అంటే వస్తుందని 2008లోనే చెప్పింది. కాబట్టి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇది: "ఆయన ఆ మాట అన్నప్పుడు ఎక్కడున్నారమ్మా, సోఫా దగ్గరా, గేటు దగ్గరా?" తెలివైన ఓనరు లోపల కూర్చోబెట్టి, పేపరు కప్పులో కాఫీ ఇచ్చి మరీ అంటాడు. ఆయుధం ఉన్నది ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలో. మామూలు వ్యాపార షరతుల మీద అందరితో చేసే లావాదేవీని ఒకరితో చేయనంటే అది బహిష్కరణ. పదకొండింటికి ఒప్పుకున్న అద్దె, ఒప్పుకున్న అడ్వాన్సు, ఆరింటికి లేకపోవడం ఈ నిర్వచనంలో ఎలా ఇముడుతుందో ఫిర్యాదులోనే రాయాలి. ఎస్ఐగారు దాన్ని తనంతట తాను కనిపెడతారని ఆశ పెట్టుకోకూడదు.

ముస్లిం కుటుంబం వస్తే వకీలు దగ్గర ఈ మాత్రం కూడా లేదు. మతం చూసి అద్దెకివ్వనన్న ప్రైవేటు ఓనరును నేరుగా పట్టుకునే కేంద్ర చట్టం లేదు. పైగా ఒక మతంవాళ్లకే సభ్యత్వమని నియమం పెట్టుకున్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీకి ఆ హక్కు ఉందని 2005లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చట్టంలో "అద్దె" అనే మాట రాయడం మన పార్లమెంటుకు చేతకాదనుకుంటే పొరపాటు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు అద్దె ఇల్లు కాదనరాదని 2017 చట్టంలో రాసింది. ట్రాన్స్‌జెండర్లకు కాదనరాదని 2019 చట్టంలో రాసింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని కూడా లెక్క చెప్పింది. ఎవరికి ఇవ్వననకూడదో చెప్పడానికి మాత్రం సిరా చాల్లేదు.

ఇక "ఓన్లీ వెజిటేరియన్స్" బోర్డు. ఆదివారం ఆ ఇంటి వంటింట్లోంచే నాటుకోడి వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఆ బోర్డు దేని గురించో అందరికీ తెలుసు కనుక వదిలేద్దాం.

ఓనర్ల విచారణా పద్ధతి మాత్రం పోలీసు అకాడమీలో పాఠంగా పెట్టదగ్గది. కోస్తాలో "మీరేవిట్లు?" అని సూటిగా కులం అడిగే తరం పోతోంది, తెలంగాణలో "మీరేమోళ్లు?" కూడా. ఇప్పుడు మెత్తగా వస్తారు. ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో ఏ వైపు? నాన్నగారేం చేసేవారు? ఎవరి తాలూకు? ఆదివారాలు ఇంట్లోనే ఉంటారా? (చర్చి గుట్టు లాగేది ఇదే.) పెళ్లి ఎక్కడ చేశారు, పంతులుగారెవరు? ఏ ఒక్క ప్రశ్నలోనూ కులం మాట ఉండదు. చివర్న, "మాకేం పట్టింపులు లేవండీ, మా అత్తగారికే కాస్త..." అంటారు. అబ్బాయి అమెరికాలో, అత్తగారు మంచంలో. ఓనరు పాపం వీళ్లిద్దరి మధ్యా నలిగిపోతున్న ఉదారవాది.

మరి రుజువులు? టోకెన్ వేసేటప్పుడు యూపీఐ నోట్‌లో "ఫస్ట్ ఫ్లోర్ పోర్షన్ టోకెన్" అని రాయాలి. అది లేకపోతే ఆ ఐదు వేలు చేబదులని వాదిస్తారు. టులెట్ బోర్డును, గేటును, ఇంటి నంబరును ఒకే ఫొటోలో తీయాలి. కాదన్న అరగంటలో, ఓనరుకు నచ్చే ఇంటిపేరున్న స్నేహితుడి చేత అదే నంబరుకు ఫోన్ చేయించాలి. "ఖాళీగానే ఉందండీ, రండి" అన్న గొంతు రికార్డయిందంటే విమానం కూలినట్టే. ఆర్థికవేత్త సుఖదేవ్ తోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల పేర్లు మార్చి ఓనర్లకు ఫోన్లు చేయించింది ఇదే పద్ధతిలో. పై కులాల పేర్లకు దాదాపు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి, అందరికంటే ఎక్కువగా మూసుకున్నది ముస్లిం పేర్లకు. రికార్డింగు ఉన్న ఫోను మార్చకూడదు, అమ్మకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఆ రికార్డింగుకు సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఇవ్వాలి. ఒకటి ఫోను సొంతదారుది, రెండోది నిపుణుడిది, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలును మార్చలేదని చూపే వేలిముద్ర లాంటి సంకేతం) సహా. ఈ రెండో భాగం లేకపోతే కేసు నీరుగారిపోవచ్చు.

అయితే సర్టిఫికెట్ దాకా రాకముందే కేసును చంపేసేది మన మర్యాద. అబ్బాయి వస్తున్నాడని మెసేజ్ రాగానే మనవాళ్లు "పర్వాలేదు అంకుల్, థాంక్యూ" అని, కింద దండం బొమ్మ పెట్టి పంపిస్తారు. ఆ దండం డిఫెన్స్ ఎగ్జిబిట్ వన్ అవుతుంది.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపాలి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి. అట్రాసిటీ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చెబుతోంది. ఆ పేజీ జిరాక్సు జేబులో ఉండాలి, ఎందుకంటే "ఎంక్వైరీ చేసి చెబుతాం" అనేది ఖాయం. దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారి చేయాలి, స్టేషన్ రైటరు కాదు.

ఈలోగా స్టేషన్ బల్ల మీద వినబడే మాట ఒకటుంది. "ఇంత చిన్నదానికి అట్రాసిటీ కేసా? ఊళ్లో ఇళ్లే కరువా?" చిన్నదట! ఆధార్‌లో కులం గడి లేదని గొప్పగా చెబుతారు. చిరునామా గడి ఉంది కదా? ఊరికి దూరంగా స్థలాలిచ్చింది ప్రభుత్వం. దానికి ఎస్సీ కాలనీ అని బోర్డు పెట్టింది ప్రభుత్వం. ఆ పేరును కార్డు మీద అచ్చేసి, దేశంలో ఎక్కడికెళ్లినా చూపించమన్నదీ ప్రభుత్వమే. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషికంటే ముందు ఆ రెండు మాటలు ఓనరు ఫోన్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. అందుకే జనం అంబేడ్కర్ పటాన్ని అట్టపెట్టెలోంచి తీయరు. అందుకే టీచరమ్మ స్టాఫ్‌రూములో ఒక కులం, ఇంటావిడ దగ్గర ఒక కులం చెప్పుకుంటుంది. నాలుగేళ్ల పిల్లకు అఆలకంటే ముందు, ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలో నేర్పాల్సి వస్తోంది. పొరపాటున ఆ పిల్ల నిజం చెబితే రాత్రికి రాత్రి సామాన్లు ఎత్తాలి. ఒక పసిపిల్లకు అబద్ధం అభ్యాసం చేయించి బతకమనే ఊరు, అది చిన్న విషయమనే అధికారి, అబ్బాయి వస్తున్నాడని నవ్వుతూ చెప్పే పెద్దమనిషి: వీళ్లకు సిగ్గనేది లేదు. ఉందని నటించే ఓపిక కూడా పోయింది.

ఇక అమెరికా అబ్బాయి సంగతి. నిజంగా సియాటిల్‌లో ఉంటే, ఆయనకూ అక్కడొక ఇల్లు ఉండొచ్చు, అద్దెకు ఇస్తుండొచ్చు. అక్కడ "మీరేవిట్లు" అని అడగడు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. ఇళ్ల అద్దెలు కూడా అందులో ఉన్నాయి. మతం, జాతి సంగతి 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టమే చూసుకుంటుంది. ఓనరు తానూ ఉంటూ అద్దెకిచ్చే, నాలుగు వాటాలకు మించని ఇంటికి ఆ చట్టంలో మినహాయింపులున్నాయి గానీ, ప్రకటనలో ఫలానా మతంవాళ్లకే అని రాయడానికి మాత్రం మినహాయింపు లేదు. అబ్బాయి బుద్ధిగా క్రెడిట్ స్కోరు అడిగి తాళం చెవి ఇచ్చేస్తాడు. నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు ఇక్కడి పైపోర్షన్ ఎందుకు ఖాళీగా ఉందో అడగడు.

న్యాయ సహాయం కావాలనుకునేవాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు గానీ, మండల న్యాయ సేవా కమిటీకి గానీ తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. ఫోను నంబరు 15100. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పని లేదు. ఖాదర్‌గారు మాత్రం రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితికి లోబడి ఉన్నట్టు అఫిడవిట్ ఇవ్వాలి. మహిళలు అన్నారు కనుక, ఇల్లు ఆవిడ పేరు మీద ఉంటే, కేసులో ముద్దాయిగా ఓనరమ్మ కూడా అదే కౌంటరు దగ్గరికి వచ్చి అదే ఫారం అడగొచ్చు. మూడు పోర్షన్ల అద్దె ఏ గడిలో రాయాలి బాబూ అని అడిగితే, మీకు ఆ గడి అవసరం లేదమ్మా అని గుమస్తా చెప్పి పంపిస్తాడు.