జర్మన్ షెపర్డ్‌కి కాపలా పుట్టుకతోనే వస్తుందా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

పెద్ద కుక్కను పెంచుకోవాలనుకునే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అందులో ఉండే మాటలు ఇవి: ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఉంటే వాచ్‌మన్ అక్కర్లేదు, కాపలా దానికి పుట్టుకతోనే వస్తుంది. పగలంతా కట్టేసి రాత్రి వదిలితే పౌరుషం పెరుగుతుంది. ఒక్కరే తిండి పెడితే ఆ ఒక్కరి కోసం ప్రాణమిస్తుంది. పెరుగన్నంతోనే పెరిగిపోతుంది, వేసవిలో గుండు చేయిస్తే సరి. వంశం పేపర్లున్న కుక్కపిల్లను నెల లోపే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది.

ఇది నమ్మి తెచ్చుకున్న కుక్కల్లో చాలా వాటి ఫొటోలు తర్వాత అవే గ్రూపుల్లో "ఎవరైనా పెంచుకుంటారా, ఫ్రీగా ఇస్తాం" అంటూ కనిపిస్తాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

పుట్టుకతో కాపలా అన్న మాటలో సగం నిజం ఉంది. ఈ జాతికి 1899లో జర్మనీలో ఒక రూపం తెచ్చినవాడు మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్, సైన్యంలో కెప్టెన్‌గా చేసినవాడు. ఒక కుక్కల ప్రదర్శనలో తన కంటపడిన మందకుక్కను కొని, హొరాండ్ అని పేరు పెట్టి, దాంతోనే ఈ వంశం మొదలుపెట్టాడు. అక్కడి మేత బీళ్లకు కంచెలుండేవి కావు. ఒక పక్క మంద, ఇంకో పక్క పంట. రెండింటి మధ్యా గట్టు వెంబడి పొద్దంతా అటూ ఇటూ తిరుగుతూ, పంటలోకి దిగబోయే గొర్రెను వెనక్కి తోలడం కుక్క పని. అదీ కాపరి సైగ చూసుకుంటూ. మన కాంపౌండు గోడ వెంట అది పరుగులు తీసేది, గేటు దగ్గర ఎవరు ఆగినా మొరిగేది ఆ వారసత్వం వల్లే. మొరగడం నిజంగానే నేర్పక్కర్లేదు. కానీ గేటు తీసుకుని వచ్చినవాడు దొంగా, గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషా అన్నది దానికి పుట్టుకతో తెలియదు.

అది తెలిసే వయసు చాలా చిన్నది. మూడో వారం నుంచి సుమారు మూడు, మూడున్నర నెలల వరకు. అప్పుడు చూసినవి, విన్నవి దానికి మామూలు విషయాలైపోతాయి. అప్పుడు ఎదురుపడనివి తర్వాత భయపెడతాయి. టీకాలు పూర్తి కాకుండా బయట తిప్పితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వస్తుందన్న భయం సరైనదే, అందుకని నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. ఆటో హారన్, కుక్కర్ విజిల్, హెల్మెట్ పెట్టుకున్న కొరియర్ అబ్బాయి, చేతికర్రతో నడిచే తాతగారు, అరుస్తూ ఆడుకునే పిల్లలు, అన్నీ దానికి పరిచయం కావాలి.

మనం పౌరుషం అని మురిసిపోయేది చాలాసార్లు భయమే. దగ్గర నుంచి చూడండి. మొరుగుతూ రెండడుగులు ముందుకేసి ఒకడుగు వెనక్కి వేస్తుంటే, చెవులు వెనక్కి అణిగి, తోక దిగిపోయి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే, ఆ కుక్క లోపల హడలిపోతోందన్నమాట. వెనక్కి తిరిగి పరిగెత్తిన పిల్లవాడి పిక్క పట్టుకునేది ఇలాంటిదే. అప్పుడు జవాబు చెప్పాల్సింది మనం. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోవడంలో నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇక కట్టేసి ఉంచడం. డాబా మీద, వాటర్ ట్యాంకు నీడలో, గొలుసుతో ఉన్న షెపర్డ్‌ని ఎవరైనా చూసే ఉంటారు. గొలుసు ఎంత దూరం సాగుతుందో అంత మేర నేల మీద అర్ధచంద్రాకారంలో నున్నగా ఒక దారి పడి ఉంటుంది. మెడ చుట్టూ బెల్టు ఒరుసుకుని వెంట్రుకలు రాలిపోయి ఉంటాయి. ఎవరైనా మెట్లెక్కి పైకి వస్తే దానికి సంతోషమో కోపమో తెలియనంతగా ఎగిరి ఎగిరి పడుతుంది. రోజంతా మనిషి పక్కన పని చేయడానికి తయారైన జాతికి మనం వేస్తున్న శిక్ష అది. దాంతో వచ్చేది పౌరుషం కాదు, పిచ్చి చిరాకు. పొద్దున, సాయంత్రం బాగా నడక, మధ్యలో పది పదిహేను నిమిషాలు కూర్చో, ఆగు, రా అంటూ నేర్పే పని, మిగతా టైమంతా ఇంట్లో మన కాళ్ల దగ్గర. ఇది కుదరకపోతే ఈ కుక్క వద్దు. పచ్చిమాంసం పెడితే కోపం వస్తుందని ఇంకొందరంటారు, అదీ ఉత్తమాటే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది "ఒక్కరే తిండి పెట్టాలి" అన్న సలహా. మన ఇళ్లలో జరిగేది ఇదీ: బీటెక్ చదివే అబ్బాయి ముచ్చటపడి పిల్లను తెస్తాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. రెండేళ్లకు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిపోతాడు. ముప్పై అయిదు కిలోల కుక్క, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల చేతికి వస్తుంది. వాళ్ల మాట అది వినదు, దాని బలాన్ని వాళ్లు ఆపలేరు. ఈ కుక్కలు మామూలుగా తొమ్మిది నుంచి పదమూడేళ్లు బతుకుతాయి. కాబట్టి తెచ్చే ముందే అడగాల్సిన ప్రశ్న, ఇంకో పదేళ్లు ఇంట్లో ఉండేదెవరు? ఉండేవాళ్లందరూ మొదటి రోజు నుంచీ తిండి పెట్టాలి, గొలుసు పట్టుకుని నడిపించాలి, అందరి మాటా అది వినాలి. నలుగురిని నమ్మినంత మాత్రాన దాని విశ్వాసం తరిగిపోదు.

పెరుగన్నం విషానికి సమానమని నేననను. కానీ మగది ముప్పై నుంచి నలభై కిలోలు తూగే జాతి ఇది, ఎదిగే పిల్లకు గుడ్డు, చికెన్ లాంటి మాంసకృత్తులు లేకపోతే కండ పట్టదు. ఇంకొందరు ఎముకలు గట్టిపడాలని డాక్టర్‌ని అడక్కుండానే కాల్షియం సీసాలు పట్టించేస్తారు. పెద్ద జాతి పిల్లలకు ఎక్కువైన కాల్షియం ఎముకలను వంకర చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి మిగిలిపోయిన బిర్యానీ, సాంబారన్నం పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకు చేటు. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ఎంత తిన్నా చిక్కిపోతూ, జిడ్డుగా, లేత రంగులో ఎక్కువ విరేచనం చేస్తుంటే తిండి చాలట్లేదనుకోకండి. ఈ జాతిలో కనిపించే క్లోమగ్రంథి జబ్బు అయ్యుండొచ్చు, పరీక్ష చేయించాలి.

ఒకేసారి గిన్నెడు పెట్టి వెంటనే పరిగెత్తించడం కూడా ప్రమాదమే. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతుంది. పొట్ట డప్పులా బిగిసిపోయి, వాంతి రాక ఊరికే ఓకరిస్తుంటే తెల్లారేదాకా ఆగకండి. గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ తప్ప దారి లేదు. అందుకే రోజుకు రెండు పూటలుగా పెట్టి, తిన్నాక విశ్రాంతి ఇవ్వాలి.

వేసవిలో గుండు చేయించడం మంచి ఉద్దేశంతో చేసే తప్పు. ఈ కుక్కకు రెండు పొరల బొచ్చు. పై పొర ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా ఆపుతుంది. తీసేస్తే చర్మం కాలుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. లోపలి మెత్తటి బొచ్చును దువ్వెనతో దువ్వి తీసేస్తే చాలు. రామగుండం, రెంటచింతల ఎండల్లో నడక తెల్లవారకముందే అయిపోవాలి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి చూడండి, మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. విపరీతంగా రొప్పుతూ తూలిపోతుంటే ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాన్ వేసి, వెంటనే డాక్టర్ దగ్గరికి.

పిడుదుల గురించి ఆ మెసేజ్‌లో ఒక్క మాటైనా లేదు. మన దగ్గర ఇంత పెద్ద సమస్యను వదిలేసి పెంపకం గురించి ఏం చెప్పినట్టు? వారానికి రెండుమూడుసార్లు బొచ్చుకి ఎదురుగా వేళ్లు పోనిస్తూ, చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వెతకాలి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా రక్తపరీక్ష చేయించాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం అయ్యుండొచ్చు, తొందరగా పట్టుకుంటే మందులకు లొంగే జబ్బే.

చివరి మాట, నెల లోపు పిల్ల, పేపర్లు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకుంటూనే. ముందే విడదీస్తే ఆ పాఠం మన చేతుల మీద నేర్చుకుంటుంది. పేపర్లు చెప్పేది వంశం మాత్రమే, ఆరోగ్యం కాదు. ఈ జాతికి తుంటి కీలు సరిగ్గా కుదరని జబ్బు ఎక్కువ, అది వంశపారంపర్యంగా వస్తుంది. అందుకని తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. తల్లిని చూపించమనండి. కొత్తవాళ్లు వస్తే అది ఎలా ఉంటుందో, ఎలా లేచి నడుస్తుందో కాసేపు నిలబడి చూడండి. తల్లి ఊళ్లో లేదు, ఫొటో చూడండి అంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.