కింది గది జోలికి పోకండి మహాప్రభో

పొద్దున్న లేచేసరికి మళ్ళీ వచ్చింది. ఈసారి మా తోడల్లుడు పంపాడు. పోయినవారం పదో తరగతి బ్యాచి గ్రూపులో వచ్చింది, అంతకుముందు మా పెద్దమ్మ కొడుకు పంపాడు. "పెరట్లో తేనెపెట్టె - ఆరు రహస్యాలు. పెట్టెకి ఏడాదికి 50 కిలోలు. పదిమందికీ పంపండి." కింద నాలుగు దండాల బొమ్మలు. మా తోడల్లుడు దానికి తన వంతుగా ఓ ముక్క చేర్చాడు: "అన్నయ్యా, ఇన్నేళ్ళుగా తేనెటీగల్ని పెంచుతున్నావు కదా, ఇవన్నీ నువ్వెందుకు చెయ్యట్లేదు?"

ఎందుకు చెయ్యట్లేదో చెప్తాను తమ్ముడూ, కూర్చో.

పెట్టె మొహం తూర్పుకే ఉండాలట. ఉంచుకోండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా, స్టాండు కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు ఎండిపోకుండా చూసుకుంటే ఈగలకి మీ వాస్తుతో పేచీ లేదు.

రోజూ మూత తీసి చూడాలట. పొయ్యి మీద అన్నం ఉడికిందా లేదా అని నిమిషానికోసారి మూత తీస్తే ఏమవుతుందో మీ ఇంట్లోవాళ్ళని అడగండి.

50 కిలోలా? ఇటాలియన్ ఈగల పెట్టెలు లారీకెత్తి, ఆవ పూలని ఒకచోటికి, పొద్దుతిరుగుడని ఇంకోచోటికి తిప్పేవాళ్ళు చెప్పుకోవాల్సిన లెక్క అది. కోనసీమ పెరట్లో కదలకుండా కూర్చున్న పుట్టతేనె ఈగలు మంచి ఏడాదిలో ఐదారు కిలోలిస్తే నేను వీధంతా పంచుతాను.

ఇక మూడో రహస్యం. "మొదటిరోజే మూడు తేనె గదులు ఒకదాని మీద ఒకటి పెట్టండి, చోటు ఎంతుంటే తేనె అంత." పెట్టెలో రాణి గుడ్లు పెట్టేది, పిల్లలు పెరిగేది కింది గదిలో. దాని మీద తేనె కోసం పెట్టేది తేనె గది. కొత్తగా కాపురం పెట్టిన ఇద్దరికి కల్యాణ మండపం అద్దెకిచ్చినట్టుంది. ఈగలు పిల్లల్ని 34, 35 డిగ్రీల దగ్గర ఉంచాలి. నాలుగు ఫ్రేములు (పట్లు కట్టుకునే చెక్క చట్రాలు) కమ్ముకునే గుంపుకి పైన మూడంతస్తులు ఖాళీగా పెడితే ఆ వేడి నిలవదు, కాపలా అసలే కుదరదు. కాపలా లేని పట్టులో మైనపు పురుగు దూరి గూళ్ళు అల్లేస్తుంది. ఇటాలియన్ ఈగలైతే కొన్నాళ్ళు పోరాడతాయి. మనవి సామాను సర్దేస్తాయి. 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లి పాదరీ న్యూటన్ మన ఈగల కోసం పెట్టెనే చిన్నది చేశాడు, తేనె గది ఫ్రేముల్ని కింది ఫ్రేముల్లో సగం ఎత్తుకి దించాడు. ఊరికే చేశాడంటారా? కింద చివరి ఫ్రేముల దాకా ఈగలు కమ్ముకుని, పైపట్టీల మీద తెల్లగా కొత్త మైనం కనబడితే అప్పుడొక గది. అది ముప్పాతిక నిండి గళ్ళకి మైనపు మూతలు పడ్డాక రెండోదాని మాట.

ఇప్పటిదాకా చెప్పినవి చేస్తే మీకు నష్టం. నాలుగోది చేస్తే ఈగల ప్రాణానికే ముప్పు. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "కింది గదిలో పేరుకున్న తేనె ఈగల్ని సోమరుల్ని చేస్తుంది. నెలకోసారి కింది పట్లు కోసి పిండుకోండి. ఖాళీ అయితేనే మళ్ళీ కష్టపడతాయి."

ఇది రాసిన మహానుభావుడు కింది ఫ్రేము ఒక్కటి పైకెత్తి వెలుతురులో చూశాడా అని నా అనుమానం. పైన వంపుగా తేనె, దాని కింద పుప్పొడి, ఆ కింద పిల్లలు. కత్తి ఎక్కడ దింపుతారు స్వామీ? పట్టు పిండితే తేనెతోపాటు ఆ పిల్ల పురుగులూ నలుగుతాయి. మూత పడని గళ్ళలోని పల్చటి రసం కూడా అందులోనే కలుస్తుంది. తేనెలో నీరు 20 శాతం దాటిందంటే పులవడానికి దారి పడ్డట్టే. కొన్నాళ్ళకి సీసా మూత తీస్తే నురగ, పుల్లటి వాసన. దానికే "అసలు సిసలైన పుట్టతేనె" అని చీటీ అంటించి అమ్ముతారు. ఆ కత్తే పక్క పెట్టెలో కూడా దింపుతారు, రోగముంటే దాన్నీ మోసుకెళ్తారు. 1991-92లో పిల్ల పురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ రోగం దక్షిణాదిని ఎన్ని పెట్టెలు ఖాళీ చేసిందో పాత పెంపకందార్లని అడిగితే చెప్తారు.

పోనీ రోజులు లెక్క పెట్టండి. గుడ్డు కూలీ ఈగ కావడానికి దాదాపు 20 రోజులు. ఆ ఈగ ఇంటిపనులు దాటి పూలమీదికి వెళ్ళడానికి ఇంకో రెండు మూడు వారాలు. ఏప్రిల్లో కానుగ, వేప పూస్తే రసం మోసుకొచ్చేవి మీరు ఫిబ్రవరి చివర్లో పిండేసిన ఆ పిల్లలే. మోసేవాళ్ళని నలిపేసి సోమరితనం మాట్లాడుతున్నారు!

వానాకాలం సంగతి చెప్పనే లేదు. ముసురు పట్టి వారం రోజులు బయటికి పోలేనప్పుడు అవి తినేది ఆ తేనెనే. నేను పెట్టిన మొదటి ఏడు ఇదే సలహా విని, జూన్‌లో కింది గది ఊడ్చేశాను. జులైలో ఒకరోజు మూత తీస్తే ఆరు ఫ్రేములు, రెండు బల్లులు. మెసేజీ లేని రోజులవి. అత్యాశకి మెసేజీ అక్కర్లేదు.

ఆ సలహా వెనక ఒక నిజం ఉంది, దాన్ని కూడా వంకరగా చెప్పాడు. పూలు విరగబూసినప్పుడు రాణి గుడ్డు పెట్టాల్సిన గళ్ళలో కూడా ఈగలు రసం పోసేస్తాయి. రాణికి చోటుండదు. పట్టు కింది అంచున కొత్త రాణుల్ని పెంచే గూళ్ళు వేలాడతాయి, ఓ ఎండపూట సగం గుంపు పాత రాణితో పక్కింటి మామిడి కొమ్మెక్కుతుంది. అలా కాకుండా పూతకి ముందే పైన గది పెట్టాలి. అప్పటికీ ఇరుకైతే, చివరనున్న ఫ్రేముల్లో పిల్లలు లేకుండా తేనె మాత్రమే ఉండి మూతలు పడ్డది ఒక్కటి తీసి, తేనె తీసే యంత్రంలో తిప్పి, ఖాళీ పట్టు తిరిగి పెట్టాలి. అది పూత ఉన్నన్నాళ్ళే. పూలు తగ్గుముఖం పట్టాక చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

ఐదోది: ఏడాది పొడుగునా పంచదార పాకం. పూలు లేని ఎండు కాలంలో, వానల్లో సాయంత్రంపూట కాస్త పెడితే తప్పులేదు, నేనూ పెడతాను. పూతలో పెడితే అదే పైగదికెక్కుతుంది. పంచదారకి తేనె ధర కట్టి చుట్టాలకి అమ్ముకునే ఆలోచనైతే నిజంగా రహస్యమే. పిల్లలకి కావలసిన పుప్పొడి మాత్రం ఏ పాకంలోనూ ఉండదు.

ఇక మిగిలింది ఆరోది. "మన చిన్న ఈగలకి రాణి అడ్డుజాలీ అక్కర్లేదు." రాణి పైకెక్కి తేనె గదిలో గుడ్లు పెట్టకుండా రెండు గదుల మధ్య పెట్టే జాలీ అది. ఇది చదివి కాసేపు ఆగాను. జాలీ లేనిదే తేనె గది పెట్టకూడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి, కొనిపించాను కూడా. ఈగలు దాన్ని దాటి పైకెక్కడానికి మొండికేసి, కింద కిక్కిరిసి, గుంపు విడిపోతే తప్పు వాటిదేననుకున్నాను. మూడేళ్ళ కిందట విసుగొచ్చి తీసేశాను. పిల్లల మీద తేనె వంపు బాగా ఉన్న పెట్టెల్లో రాణి పైకి రాలేదు. ఒక్క పెట్టెలో వచ్చింది, నాలుగు గుడ్లు పెట్టి దిగిపోయింది. కాబట్టి ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. నా జాలీలు ఇప్పుడు మా ఆవిడ వడియాల మీద కాకులు వాలకుండా కప్పుతోంది.

ఈ ఒక్క ముక్క రాసినవాడు పెట్టె తెరిచి చూసినవాడే. ఆ చేత్తోనే నాలుగోది ఎలా రాశాడో తమ్ముడూ, నీకు మెసేజీ పంపినవాణ్ణి అడిగి చెప్పు.